వదిన తడిపిన పల్లికాయ

దేవరకొండ బస్సు ఎల్బీ నగర్ చౌరస్తాకు రాకముందే దాని చప్పుడు తన భార్య అండాలమ్మకు ఇంట్లో వినిపిస్తుందని రామస్వామి ఎగతాళి చేసేవాడు. ఆయన మరీ అబద్ధం చెప్పేవాడేం కాదు. వానాకాలం పంట చేతికొచ్చాక, పుట్టింటి నుంచి పల్లీల మూట బస్సెక్కిందని ఫోన్ వచ్చిందంటే అండాలమ్మ కాలు ఒకచోట నిలవదు. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా పట్టదు. "బస్సు మాల్ ఊరు దాటిందో లేదో జర కండక్టర్‌కు ఫోన్ చేయరాదు" అని మొగుణ్ణి పీక్కుతింటుంది. ఆయన ఆర్టీసీలో స్టీరింగ్ తిప్పి తిప్పి రిటైరైన మనిషి. "బస్సుకు రెక్కలుంటయానే?" అని విసుక్కుంటూనే చెప్పులు వేసుకునేవాడు.

ఆ మూట పంపేది ఆమె వదిన సుమిత్రమ్మ. పేరుకు వదిన గానీ, పెంచింది ఆమే. అండాలమ్మకు ఊహ తెలియకముందే తల్లి పోయింది. అన్న పెళ్ళి చేసుకొని తెచ్చిన పిల్ల, తానే ఇంకా పిల్ల, ఈ ఆడబిడ్డను చంకనేసుకుంది. తల దువ్వింది, జ్వరమొస్తే పక్కన కూర్చుంది, పెళ్ళి చేసి కళ్ళు తుడుచుకుంటూ సాగనంపింది. వదినా ఆడబిడ్డలనగానే కయ్యాలే గుర్తుకొచ్చే మహానుభావులు ఈ ఇద్దరినీ ఒక్కసారి చూసి ఉండాల్సింది, నోరు మూసుకునేవాళ్ళు.

కొత్తపేటలో అండాలమ్మ ఇల్లు. అటు దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లు, ఇటు ఎల్బీ నగర్ బస్సులు, మధ్యలో ఒక సందు. వదిన పంపిన పల్లీలతో ఆమె పొడి కొట్టేది, బెల్లం పాకం పట్టి లడ్డూలు చుట్టేది. చుట్టుపక్కల హాస్టళ్ళ ఆడపిల్లలు వాటికోసం గేటు దగ్గర నిలబడేవాళ్ళు. ఆంటీ పొడి లేకపోతే మెస్సు అన్నం గొంతు దిగదని వాళ్ళంటుంటే అండాలమ్మ ముఖం చూడాలి! "నాదేముంది బిడ్డా, అంత మా వదిన చేతి పల్లీలది" అనేది. పిల్లలు మెచ్చుకున్న ప్రతి మాటా ఫోన్లో వదినకు చేరవేసేది, కొంచెం కలిపి మరీ.

పైన రెండు గదుల్లో సూర్యప్రభ, ఆమె కూతురు సింధు కిరాయికి ఉంటారు. గుంటూరు వైపు వాళ్ళు. సింధు తిండి పదార్థాల్లో చేరే విషాల మీద పరిశోధన చేస్తోంది. పల్లీలకు పట్టే బూజు ఆమె విషయం. మలక్‌పేట నుంచి హయత్‌నగర్ దాకా కనబడిన కొట్టల్లా తిరిగి, పిడికెడు పిడికెడు పల్లీలు కొని, కవర్ల మీద గుర్తులు రాసుకొని ప్రయోగశాలకు పట్టుకుపోయేది. పల్లీలు కొని తినకుండా నూరి పారేసే చదువేమిటో అండాలమ్మకు అర్థమయ్యేది కాదు.

ఒకరోజు మెట్ల దగ్గర ఆపి అడిగింది. "అన్ని దుకాణాల చెత్త జమ చేస్తున్నవ్ గని, మా ఇంటి పల్లీలు నీ కండ్లకు ఆన్తలేవా?"

"మీవి వద్దులెండి ఆంటీ. ఇంట్లోవాళ్ళవి తీసుకుంటే బాగుండదు" అంది సింధు మొహమాటంగా.

"ఏం బాగుండదు? తీస్కపో. అసలు మంచి పల్లీ ఎట్లుంటదో మీ సార్లకు గూడ తెల్వాలె గదా!" అని తానే కవరు లాక్కొని నింపి ఇచ్చింది. ఎవరూ అడగలేదు. తన చేతులతో తానే ఇచ్చింది.

ఆ తర్వాత సింధు కనబడితే ఒట్టు. పొద్దున్నే చప్పుడు చేయకుండా మెట్లు దిగి వెళ్ళిపోతోంది. కిరాయి ఇల్లు మారే ఆలోచనేమోనని అండాలమ్మకు అనుమానం. ఆదివారం తానే పైకెళ్ళి తలుపు కొట్టింది. "ఏంది బిడ్డా, మొఖం చాటేస్తున్నవ్? మా పల్లీలు ఫస్టు రాలేదా ఏంది?" అని నవ్వింది.

సింధు నవ్వలేదు. కుర్చీ వేసి కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, ఆ తర్వాత చెప్పింది. పల్లీలకు ఒకరకం బూజు పడుతుంది. అది ఒక విషాన్ని తయారుచేస్తుంది. ఇవాళ తింటే రేపు ఏమీ కాదు. కానీ ఏళ్ళ తరబడి తింటే కాలేయాన్ని పాడుచేస్తుంది, చిన్నపిల్లల ఎదుగుదలను కుంగదీస్తుంది. వేయించినా పూర్తిగా పోదు. "మీ పల్లీల్లో అది ఉండాల్సినదానికన్నా చాలా ఎక్కువుంది ఆంటీ. పొరపాటేమోనని మళ్ళీ మళ్ళీ చూశాను."

అండాలమ్మ లేచి నిలబడింది. "మా వదిన పల్లీలల్ల విషమా?"

"ఆమె తప్పని కాదండీ..."

"నోరు మూయ్! కడుపుల పెట్టుకొని పెంచిన మనిషి పంపితే విషమంటవా? నీ చదువు గంగల గలువ! ఇల్లు ఖాళీ చేయుండ్రి!" అని ధడధడా దిగి వచ్చేసింది. పాపం సూర్యప్రభ నిజమేననుకొని అటక మీంచి అట్టపెట్టెలు దింపింది కూడా.

రామస్వామి అంతా విని, మెల్లగా అన్నాడు. "పిల్ల మన ఉప్పు తిన్నది. లేనిది చెప్పి ఆమెకొచ్చేదేంది? తిట్టుడు ఎప్పుడైన తిట్టొచ్చు, ముందుగాల ఇను."

మర్నాడు సింధు తానే కిందికొచ్చింది. ఖాళీ చేయమంటే చేస్తాం గానీ, ముందు ఒక్క సంగతి చెప్పమంది. మీ ఊళ్ళో పల్లికాయ ఎలా ఒలుస్తారు?

అండాలమ్మ ముక్తసరిగా చెప్పింది. సాయంత్రం కుప్ప మీద నీళ్ళు చల్లి, గోనెసంచులు కప్పుతారు. తెల్లారేసరికి తొక్క మెత్తబడుతుంది. అప్పుడు అరుగు మీద చేరి అందరూ ఒలుస్తారు. సింధు కళ్ళు మూసుకొని తెరిచింది. రెండు గాజుసీసాలు తెచ్చి ఆమె ముందు పెట్టి, ఒకదాంట్లో పొడి కాయలు, ఇంకోదాంట్లో మీ వదిన తడిపినట్టే తడిపిన కాయలు మీ చేత్తోనే వేసి కప్పిపెట్టండి అంది.

కోపం కోపమే, పందెం పందెమే. అండాలమ్మ కొట్టు నుంచి పొడి కాయ తెప్పించి, అచ్చం వదినలాగే చిలకరించి, గోనెముక్క కప్పింది. కొన్నాళ్ళకు మూత తీసింది. పొడి కాయ పొడిగానే ఉంది. తడి సీసాలో కాయ విప్పితే గింజ మీద పచ్చటి బూజు నూగులా పరుచుకొని ఉంది.

"ఇది కంటికి కనబడేదండీ" అంది సింధు. "ఇంత కనబడకముందే లోపల విషం మొదలవుతుంది."

అండాలమ్మ మూత మళ్ళీ బిగించింది. చిన్నప్పటి నుంచీ పల్లీలు తింటుంటే అప్పుడప్పుడు ఒక గింజ చేదు తగిలేది. థూ అని ఉమ్మేసి ఇంకోటి నోట్లో వేసుకునేవాళ్ళు. ఆ చేదు ఇప్పుడు నాలుక మీదికి వచ్చినట్టయింది. ఆ సాయంత్రమే డబ్బాల్లో పొడంతా గొయ్యి తీయించి పూడ్చింది. హాస్టల్ పిల్లలు వస్తే గేటు దగ్గరే చెప్పింది: "ఈసారి పల్లీలు మంచిగ లేకుండె బిడ్డా. నా దగ్గర కొన్నది ఏమన్న ఉంటే పారేయుండ్రి." పైకెళ్ళి, సూర్యప్రభ చేతుల్లోంచి అట్టపెట్టె లాక్కొని మళ్ళీ అటక మీదికి తోసింది. "నేను నోరు జారిన. మీరు యాడికి పోవద్దు" అంది. క్షమాపణ అడగడం ఆమెకు అంతవరకే వచ్చు.

ఇక మిగిలింది అసలు చిక్కు. వదినకు ఎలా చెప్పడం? అక్కడ సుమిత్రమ్మ రెండో మూట కడుతోంది. పుట్టింటి మూటను వద్దనడమంటే, మా సందులో ఏ ఆడదాన్నైనా అడగండి, పుట్టిల్లే వద్దన్నట్టు. చెప్పకుండా ఊరుకుందామా అంటే, ఆ ఊళ్ళో పిల్లలు అవే తింటున్నారు. అండాలమ్మకు రెండు రోజులు అన్నం సయించలేదు. చివరికి తెలివి ఉపయోగించాననుకొని పెద్ద తెలివితక్కువ పని చేసింది. ఫోన్ చేసి, "వదినా, ఈసారి రెండో మూట వద్దుతియ్. ఇక్కడ దుకాణంల మంచిగనే దొరుకుతున్నయ్" అంది.

 "దుకాణంల దొరుకుతున్నయా? సరే తియ్ బిడ్డా" అని సుమిత్రమ్మ ఫోన్ పెట్టేసింది. ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు.

అండాలమ్మ వంటింట్లో కూర్చొని చిన్నపిల్లలా ఏడ్చింది. తిట్టినా బాగుండేది. వదిన అలిగి మాట్లాడకపోవడం పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదటిసారి. రామస్వామి ఏం చెప్పినా చెవికెక్కలేదు. చివరికి సింధే వచ్చి, "ఊరికి వెళ్దాం పదండి ఆంటీ. ఫోన్లో చెప్పే మాట కాదిది. నేనూ వస్తాను" అంది. అండాలమ్మ ఆ పిల్ల చేయి గట్టిగా పట్టుకుంది.

దేవరకొండ దాటి ఆ ఊరు చేరేసరికి సుమిత్రమ్మ అరుగు నిండా ఆడవాళ్ళున్నారు. ఆ ఊళ్ళో పల్లికాయ ఒలవడం ఒట్టి పని కాదు, పేరంటం. కోడళ్ళ మీద ఫిర్యాదులు, పక్కూరి పెళ్ళి కబుర్లు, నవ్వులు, తిట్లు, అన్నీ ఆ కుప్ప చుట్టూనే. తడిసిన గోనెసంచుల కింద కాయ ఆవిరి కక్కుతోంది. ఒలిచిన వాటిలో నిండు గింజలు అమ్మకానికి ఒక చాటలో, ముడుచుకుపోయినవీ రంగు మారినవీ ఇంటికోసం ఇంకో చాటలో పోస్తున్నారు. ఆ రెండో చాట దగ్గర ఒక చంటిబిడ్డ కూర్చొని గుప్పెడు నోట్లో కుక్కుకుంటుంటే సింధు వాడి పక్కన కూర్చుంది. మెల్లగా వాడి గుప్పిట విప్పింది.

సుమిత్రమ్మ తల ఎత్తింది. అండాలమ్మను చూసింది. "రా. నీళ్ళు తాగుండ్రి" అంది, చుట్టాలకు అన్నట్టు. అండాలమ్మకు అక్కడే ప్రాణం పోయినంత పనైంది.

సింధు మొదట పుస్తకాల భాషలో మొదలుపెట్టింది. ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకొని కిసుక్కున నవ్వారు. "మా తాతలు తిన్నరు, మేం తింటున్నం, ఎవడు సచ్చిండే?" అంది ఒకామె. అప్పుడు సింధు చదువంతా పక్కన పెట్టి, సంచిలోంచి రెండు సీసాలు తీసి చాట పక్కన పెట్టింది. ఏది తడిపిందో, ఏది తడపందో చెప్పింది. అమ్మకానికి పోయే గింజ కన్నా ఇంటికి ఉంచుకునే తాలు గింజలోనే విషం ఎక్కువని కూడా చెప్పింది. అరుగు మీద నవ్వులు ఆగిపోయాయి. ఆ చంటిబిడ్డ తల్లి వచ్చి వాణ్ణి చంకనేసుకుంది.

సుమిత్రమ్మ పచ్చబూజు పట్టిన గింజను వేళ్ళ మధ్య పట్టుకొని చాలాసేపు చూసింది. "అంటే, నీళ్ళు చల్లుడేనా తప్పు?"

"అవును అమ్మమ్మా. తడిపి కప్పిపెట్టడమే."

ఆమె ఇంకేమీ అడగకుండా లేచి లోపలికి వెళ్ళిపోయింది. అండాలమ్మ వెనకాలే పరుగెత్తింది. పాలు కాచే దాలి పక్కన చీకట్లో వదిన గోడకు ఆనుకొని కూర్చొని ఉంది.

"వదినా, కోపమైతే తిట్టు. మూట వద్దన్నది గందుకే. చెప్పనీకి నోరు రాలె..."

"నీ మీద ఏం కోపమే" అంది సుమిత్రమ్మ.  "నీకు యాదికి లేదు. గింతంత ఉంటివి. మీ అన్న కాయ తెచ్చి కుప్ప పోస్తే నువ్వు గూడ వచ్చి నా పక్కన కూసునేదానివి. అప్పుడు ఎవరు తడుపకపోదురు. పొడికాయనే. నీ బొటనవేలు తోలు లేసి నెత్తురొస్తుండె. పో, ఆడుకో పో అంటె ఇంటివా? వదిన ఒలుస్తుంటె నేనెట్ల పోతనని ఏడ్సేదానివి. నా పానం ఒప్పలె. ఓనాడు మాపటీలి కుప్ప మీద నీళ్ళు చల్లిన. తెల్లారి తొక్క మెత్తగైంది, నీ వేలు నొవ్వలె. గది చూసి ఇంటింటికి తడుపుడు సురువైంది." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నీ వేలు కాపాడుదామని ఊరందరి పిల్లలకు గిది తినిపిస్తినా అండాలూ?"

 జీవితమంతా తిన్న పల్లీల వెనక తన బొటనవేలుందని అండాలమ్మకు తెలియదు. వదిన ఒళ్ళో తల పెట్టి, ఆ చేతులు రెండూ కళ్ళకద్దుకుంది. "నీకేం తెలుసు వదినా? నువ్వు నా వేలు చూసినవ్. బూజు నీకెట్ల కనపడ్తది? గా పిల్లకు గూడ మిషిన్ల పెడితెనే కనపడ్డది. తల్లి లేనిదాన్ని, నా వేలు నొస్తున్నదని చూసెటోళ్ళు నాకెవరుండిరే? నువ్వే గదా!" ఇద్దరూ కడుపారా ఏడ్చారు. కొన్ని ఏడుపులు ఏడవాల్సిందే, మధ్యలో ఎవరూ ఓదార్చకూడదు.

తర్వాత సుమిత్రమ్మ ముఖం కడుక్కొని బయటికొచ్చింది. కుప్ప మీది గోనెసంచులు తన చేత్తోనే ఎత్తి వాకిట్లోకి విసిరేసింది. "తడిసింది పెంటకుప్పల పొయ్యుండ్రి. పశువులకు గూడ పెట్టకుండ్రి. మిగిలిన కాయ ఎండల పొయ్యుండ్రి. రేపటిసంది నీళ్ళు బంద్" అంది.

"మరి మా వేళ్ళేం కావాలె?" అని ఆడవాళ్ళు అడిగారు.

"నొస్తయి. సురువు జేసింది నేనే, బందు జేస్తున్నది నేనే. తిడితె నన్ను తిట్టుండ్రి" అంది సుమిత్రమ్మ. ఎవరూ తిట్టలేదు. సింధు ఆ వేళ్ళ సంగతి మనసులో పెట్టుకొని వెళ్ళింది. వాళ్ళ సారు వెంటపడి వేధించి, చేత్తో హ్యాండిల్ తిప్పితే పొడికాయ తొక్క పగిలే చిన్న యంత్రం ఒకటి ఆ అరుగు మీదికి తెప్పించింది. కాయ ఊపితే లోపల గింజ గలగలలాడేదాకా ఎండాలని నేర్పింది. ఇప్పుడు ఆ పేరంటంలో హ్యాండిల్ ఎవరు తిప్పాలన్నదే తగువు.

చలికాలం పోయి యాసంగి పంట వచ్చింది. ఫోన్ చేసి సుమిత్రమ్మ ఒక్క మాటే అంది: "మూట వస్తలేదు. నేనే వస్తున్న."

ఎండ మాడిపోతున్న ఎల్బీ నగర్‌లో, మెట్రో వంతెన నీడన అండాలమ్మ, రామస్వామి ఎదురుచూస్తున్నారు. బస్సు దిగీ దిగగానే, "పైలం తమ్మీ, తడి తగలొద్దు" అని రామస్వామికి మూట అందించి, సుమిత్రమ్మ కొంగుముడి విప్పి ఒక కాయ తీసింది. అండాలమ్మ చెవి దగ్గర పెట్టి ఊపింది. చుట్టూ హారన్లు, ఆటోవాళ్ళ అరుపులు. "ఇనపడ్తున్నదా?" అని అడిగింది. వినపడిందని అండాలమ్మ తలూపింది, కళ్ళనిండా నీళ్ళతో.

ఇంటికొచ్చి మూట విప్పితే అంతా పొడి కాయే. పైన మాత్రం పాత చీర చింపిన గుడ్డపేలికలు మెత్తగా మడిచి ఉన్నాయి.

"గివెందుకు వదినా?"

"కాయ కాయలెక్కనే ఉంటె పాడుగాదని గా పిల్లనే చెప్పె. నీకాడ మిషిన్ లేకపాయె. నీ వేళ్ళు యాదికొచ్చినయ్" అంటూ ఆడబిడ్డ బొటనవేలికి పేలిక చుట్టడం మొదలుపెట్టింది.

"నాకు అరవై ఏండ్లు వదినా!"

"అయితే ఏంది? చెయ్యి ఇటు పెట్టు."

ఒలిచిన మొదటి పిడికెడు గింజలు అండాలమ్మ తానే కవర్లో పోసి సింధు చేతికిచ్చింది. "ముందుగాల నువ్వు చూడు బిడ్డా. నువ్వు తినమన్నంకనే తింటం" అంది. సుమిత్రమ్మ అయితే ఆ సంగతి తేలేదాకా తిరుగు బస్సు ఎక్కనని భీష్మించుకు కూర్చుంది. గేటు చప్పుడైనప్పుడల్లా వీధిలోకి చూసేది.

ఒక మధ్యాహ్నం సింధు సంచి కూడా దించకుండా నేరుగా వాళ్ళ వాకిట్లోకి వచ్చింది. "తినొచ్చు అమ్మమ్మా. ఏమీ లేదు. భయం లేకుండా తినొచ్చు."

సుమిత్రమ్మ లేచి, సింధు తల నిమిరి, "నా పాపం కడిగినవ్ తల్లీ" అంది. తర్వాత చాటలోంచి ఒక గింజ తీసి, పొట్టు నలిపి, చిన్నప్పుడు పెట్టినట్టే అండాలమ్మ నోట్లో పెట్టింది. ఆమె నమిలేదాకా ముఖంలోకే చూస్తూ నిలబడింది.

"చేదుందా?"

"లేదు వదినా" అంది అండాలమ్మ.